రాహుకాలంలో తీసిన బ్యాండు పాట

కర్నూలు గోడల మీద చేత్తో రాసే అక్షరాలు వెలిసిపోతూ, కూడళ్ళలో ఫ్లెక్సీలు కొత్తగా లేస్తున్న రోజులవి. ఎవరింట్లో పిల్లాడికి చెవులు కుట్టినా, ఎవరికి వార్డులో ఏ చిన్న పదవి దక్కినా, మర్నాటికల్లా ఆ మొహం గోడంత అయి రోడ్డు మీదికి వచ్చేది. పైన వరసగా దేవుళ్ళు, నడుమ ఆ మనిషి, కింద అభినందించేవాళ్ళ చిన్న ఫోటోలు. ఈ అమరిక ఎవరూ నేర్పకుండానే ఊరంతటికీ వచ్చేసింది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న నాకు కోపమంతా పైనుండే ఆ దేవుళ్ళ వరస మీదే. మా కాలేజీలో హేతువాద చర్చావేదిక అని ఒకటుండేది. ఉన్నది ఏడెనిమిది మందిమే గానీ, వేసవి సెలవులు అయ్యేలోగా లోకాన్ని మార్చేస్తామన్న నమ్మకం మాత్రం దండిగా ఉండేది (అన్ని నమ్మకాలనూ వ్యతిరేకించిన మేం ఆ ఒక్కదాన్ని మాత్రం ఎందుకు ముట్టుకోలేదో నాకిప్పటికీ అర్థం కాదు). ఎవరేం చెప్పినా "రుజువేది?" అని అడగడం నా అలవాటు కాబట్టి నాకు రుజువేది అన్న పేరే స్థిరపడిపోయింది. ఇంట్లో అమ్మ అన్నం ఉడికిందిరా అంటే కూడా నేను మూత తీసి మెతుకు నొక్కి చూస్తానని మావాళ్ళు ప్రచారం చేశారు. అందులో సగమే నిజం.

మా వేదిక ఊరేగింపుకి ఊరికే వచ్చి వాయించిన ఒకే ఒక పెద్దమనిషి క్లారినెట్ మాస్టరు. పాత ఊర్లో పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు ఆయనది. ఆదివారం పొద్దున చర్చిలో కీర్తనలు, మిగతా రోజులు పెళ్ళిళ్ళు, మధ్యలో ఎవరైనా పోతే వాళ్ళకీను. ఎర్రకోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, నల్లరంగేసిన మీసం. ఆయన ఒక సాయంత్రం మా హాస్టలు మెట్ల మీద కూర్చుని, కడప నుంచి కొత్త బ్యాండు ఒకటి దిగిందని, వాళ్ళకు రంగురంగుల సీడీ ఉందని, ఫ్లెక్సీలు ఉన్నాయని చెప్పుకొచ్చాడు. బట్టల శెట్టి కూతురి పెళ్ళి దగ్గర పడింది. ఆ బజారులో శెట్టి ఎవరిని పిలిస్తే మిగిలిన అంగళ్ళవాళ్ళందరూ వాళ్ళనే పిలుస్తారు. ఈ పెళ్ళి కడపవాళ్ళకు పోతే తన బ్యాండు చెదిరిపోవడం ఖాయమని ఆయన భయం. అప్పటికే ఇద్దరు డప్పులవాళ్ళు కడప వైపు చూస్తున్నారట.

"శెట్టి పెండ్లికి వాయించినోణ్ణి నేను. ఇప్పుడు నన్ను సీడీలో చూసి చెప్తాడంటప్పా," అన్నాడు, ఆ మాట దగ్గర మీసం కూడా కొంచెం వాలింది. "మీరు సదువుకునేటోళ్ళు. ఒక పాట తీసి, ఒక ఫ్లెక్సీ ఏసిపెట్టండి."

వెంటనే ఒప్పుకున్నాం. కానీ షరతులు పెట్టాం. పాటలో గానీ ఫ్లెక్సీలో గానీ దేవుడి బొమ్మ, కలశం, మామిడాకు, శ్రీరస్తు శుభమస్తు, ఏదీ ఉండకూడదు. పైగా చిత్రీకరణ కచ్చితంగా రాహుకాలంలోనే మొదలుకావాలి. రాహుకాలంలో తీసిన పాటతో మాస్టరు పెళ్ళి సాధించుకుంటే ముహూర్తాల మీద అంతకు మించిన దెబ్బ ఏముంటుంది? ఇందుకోసం నేను స్వయంగా పంచాంగం కొని తెచ్చి, అందులో వేలుపెట్టి వెతికి, బుధవారం రాహుకాలం సరిగ్గా మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి అని తేల్చాను. మా వేదికలో ప్రతి చర్చకూ అడ్డుతగిలే మిత్రుడొకడు ఉండేవాడు, వాణ్ణి పాయింటాఫార్డర్ అనేవాళ్ళం. పంచాంగాన్ని ఇంత భక్తిగా చూసే మనిషిని తన తాత తర్వాత నన్నే చూస్తున్నానని వాడు లేచి అన్నాడు. ఆ అభ్యంతరాన్ని మేం ఓటింగుతో కొట్టేశాం. మాస్టరు మాత్రం, "నాకు రాహుకాలం లేదప్పా, నాకుండేది ఎండాకాలమే. తెల్లారి ఏడు గంటలకు పెట్టుకుందాము," అని బతిమాలాడు. వీల్లేదన్నాను. (సోమవారం రాహుకాలం ఏడున్నరకే వస్తుందని చాలా రోజుల తర్వాత తెలిసింది. అది కూడా అదే పేజీలో ఉందట.)

కెమెరాకు పూలవాన అన్నను పిలిచాం. ఆయన ఊళ్ళో పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాడు. ఏ పెళ్ళి తీసినా వధూవరుల మీద కంప్యూటరులో గులాబీ రేకులు ఆగకుండా కురిపిస్తాడు కాబట్టి ఆ పేరు. మే నెల బుధవారం, అందరం ఓర్వకల్లు రాళ్ళకొండల దగ్గర బస్సు దిగాం. పన్నెండు కొట్టింది. నేను చెయ్యెత్తి మొదలుపెట్టమన్నాను. బ్యాండు ఎర్రకోట్లతో బండల మీద వరసగా నిలబడి ఇత్తడి బాకాలు నోటికి ఆనించింది, ఆనించిన మరుక్షణమే తీసేసింది. పెద్దబాకా ఆయన, పెదవులు పెనం మీద పెట్టినట్టుండాది సామీ అని దాన్ని కింద పెట్టేశాడు, కింద బండ ఇంకా కాలుతుంటే మళ్ళీ ఎత్తుకున్నాడు. డప్పులవాళ్ళు ముందే ఒక రాతినీడ చూసుకుని అందులో ఇరుక్కున్నారు, ఎంత పిలిచినా బయటికి రాలేదు. క్లారినెట్ కొయ్యది కాబట్టి మాస్టరు ఒక్కడే మిగిలాడు. ఒంటరిగా, కొండమీద, ఎండకు కళ్ళు సగం మూసుకుని, చెమట చెంపల మీదికి కారుతుండగా, తాను సొంతంగా కట్టుకున్న వరసను మెల్లగా వాయించాడు. (వేగంగా వాయించే ఓపిక అప్పటికి ఎవరికీ లేదు.) నేను గొడుగు కింద కూర్చుని, అద్భుతం, ఇదే కావాలి అని అరుస్తున్నాను.

మిక్సింగులో పూలవాన అన్నకూ నాకూ గట్టి వాదమే జరిగింది. మాస్టరు మొహాన్ని నెమ్మదిగా కదిలేట్టు చేసి, పైనుంచి గులాబీ రేకులు కురిపించాడు. ఇది మతపరమైన చిహ్నం కదా అని నేను లేచాను. "పూలల్లో దేవుడుండాడని నీ దగ్గర రుజువుండాదా?" అన్నాడాయన, కుర్చీ తిప్పకుండానే. నా ఆయుధంతోనే నన్ను కొట్టాడు. పూలు ప్రకృతి అని తీర్మానించి కూర్చున్నాను.

ఫ్లెక్సీ పని నా ఒక్కడిదే. వీడియోలోంచి తీసిన బొమ్మలో వెనకంతా ఎండకు తెల్లగా మండిపోయింది కాబట్టి, ఫ్లెక్సీ అంగడాయన మొహం వరకు కత్తిరించి వెనక నల్లరంగు వేద్దామన్నాడు. సరే అన్నాను, నలుపు మా వేదిక రంగు కూడా. కింద మా ఎనిమిది మంది ఫోటోలు పెట్టాలి, చోటు చాలలేదు, క్లారినెట్ తెగిపోయింది. ఫోటోల్లో మేమెవరం నవ్వలేదు, నవ్వితే వాదనలో బరువు తగ్గుతుందని మా సిద్ధాంతం. పైన ఏ దేవుణ్ణి పెట్టమంటావని ఆయన అడిగితే ఏ దేవుడూ వద్దన్నాను. శుభమస్తు అన్నాడు, అదీ వద్దన్నాను. ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"ఎప్పుడప్పా?"

ఎప్పుడు తీశామని అడుగుతున్నాడనుకున్నాను. "మొన్న బుధవారం. మిట్టమధ్యాహ్నం."

"ఎండకేనా?"

"ఎండే అన్నా. శానా అవస్థ పడినాడు, పాపం."

ఆయన నాలుక చప్పరించి, తనవంతుగా మూలకు ఒక వెలిగే దీపం బొమ్మ ఊరికే చేర్చి ఇచ్చాడు. దీపం జ్ఞానానికి గుర్తు కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం శెట్టి అంగడికి ఎదురుగానే కట్టాం. నల్లని ఆకాశంలో మాస్టరు మొహం ఒక్కటే, కళ్ళు సగం మూసుకుని, కింద దీపం, దాని పక్కన గంభీరంగా ఎనిమిది మందిమి. కిందికి దిగి చూసుకుంటే నాకు ఒళ్ళు పులకరించింది. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు, ఒకాయనైతే చెప్పులు కూడా విప్పాడు. మా కళకు ఇంత గౌరవమా అనుకున్నాను.

సోమవారం పొద్దున సీడీ పట్టుకుని శెట్టి అంగడికి వెళ్ళాను. శెట్టి నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. శెట్టి లేచి నిలబడటం ఆ బజారులో ఎవరూ చూడలేదు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, సీడీ టీవీలో పెట్టించాడు. క్లారినెట్ మెల్లగా మొదలైంది. రేకులు రాలాయి. చీరలు చూసుకుంటున్న ఆడవాళ్ళు చీరలు వదిలేశారు. లోపలి నుంచి శెట్టి తల్లి వచ్చి గడప మీద కూర్చుంది, అందరూ ఆమెను అవ్వ అనేవాళ్ళు. పాట సగానికి వచ్చేసరికి అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. శెట్టి ముక్కు ఎగబీల్చాడు. అటు చూసి నేను నిటారుగా కూర్చున్నాను. దేవుడి బొమ్మ ఒక్కటీ లేకుండా మనుషుల్ని ఏడిపించవచ్చని, అదీ రాహుకాలంలో తీసిన పాటతో, నేను నిరూపించాను కదా. వచ్చే చర్చావేదికలో చదవబోయే వ్యాసం మొదటి వాక్యం కూడా మనసులో రాసేసుకున్నాను.

పాట అయిపోయాక శెట్టి నా భుజం మీద చెయ్యేశాడు. "నా పెండ్లికి వాయించినాడప్పా మహానుభావుడు. ఇంత తొందరగా పోతాడనుకోల్యా."

"యాడికి?" అన్నాను.

ఎదురుగా ఉన్న ఫ్లెక్సీ వైపు ఆయన వేలు చూపించాడు. అప్పుడు, మొదటిసారిగా, ఊరి కళ్ళతో దాన్ని చూశాను. అది అచ్చం శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. మాస్టరు బతికే ఉన్నాడని, నిన్న చికెన్ కూడా తిన్నాడని, అది పెళ్ళి ప్రచారమని ఏదేదో చెప్పాను. శెట్టి జాలిగా తల ఊపి, దుఃఖంలో ఇట్లాగే అనిపిస్తుంది అన్నట్టు చూశాడు. కడపవాళ్ళకు పొద్దున్నే ఫోను చేయించానని, చావు జరిగిన బ్యాండును ఆడపిల్ల పెళ్ళికి ఎట్లా పిలుస్తానని మెత్తగానే చెప్పాడు. నేను ఇంకా గట్టిగా, బతికే ఉండాడు శెట్టీ అన్నాను.

"రుజువేదప్పా?" అన్నాడు శెట్టి.

మాస్టరును పిలుచుకొస్తానని లేచాను.

రుజువు తనంతట తానే వచ్చింది. ముందు బజారు మొదట్లో డప్పు వినిపించింది, తర్వాత బాకాలు. జరిగిందేమిటంటే, ఫ్లెక్సీ చూసి బ్యాండు వాళ్ళంతా ఎర్రకోట్లు తొడుక్కుని తమ మాస్టరును గౌరవంగా సాగనంపడానికి ఇంటికి వెళ్ళారు. వెళ్ళేసరికి మాస్టరు అరుగు మీద కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటున్నాడు. ఎదురుగా పాస్టరు గారు కీర్తనల పుస్తకం మూయలేక తెరవలేక నిలబడి ఉన్నారు. నందికొట్కూరు నుంచి మొదటి బస్సుకు వచ్చిన చెల్లెలు, బతికున్నావా నా తోడబుట్టినోడా అంటూ, తెచ్చిన పూలదండతోనే ఆయన్ను రెండు దెబ్బలు వేసింది. సంగతి విన్న మాస్టరు చెయ్యి కడుక్కుని, కోటు తొడిగి, అదే దండ మెడలో వేసుకుని, వచ్చిన బ్యాండును వచ్చినట్టే బజారుకు మళ్ళించాడు. ఓర్వకల్లులో మూగబోయిన బాకాలన్నీ ఇక్కడ బాకీ తీర్చుకున్నాయి. తన ఫ్లెక్సీ కిందే నిలబడి, కళ్ళు పూర్తిగా తెరిచి, ఆయన క్లారినెట్ పైకెత్తి వాయించిన వరసకు అంగళ్ళలో కొలబద్దలు ఆగిపోయాయి. నిన్న చెప్పులు విప్పిన పెద్దమనిషి ఈ రోజూ విప్పాడేమో, గుంపులో వెతికి వాటిని తొడుక్కున్నాడు.

శెట్టి ఫోను వైపు చూశాడు, ఫ్లెక్సీ వైపు చూశాడు. కడపవాళ్ళకు మాట ఇచ్చేశాడు, ఏం చేయాలో తోచలేదు. అప్పుడు అవ్వ గడప మీద నుంచి లేచింది.

"రేయ్, సచ్చినాడని పేరొచ్చినోనికి ఆయుస్సు ఇంకో అంత పెరుగుతాది. అట్లాంటోడు వాయిస్తే మన పిల్ల నిండు నూరేండ్లు పసుపు కుంకుమలతో ఉంటాది. కడపోళ్ళను రావద్దను."

నా లోపల హేతువాది నిద్రలేచాడు. పుకారుకూ గుండెకూ సంబంధమేమిటి? దీనికి ఆధారం ఏ శాస్త్రంలో ఉంది? "అవ్వా, రుజు..." అన్నాను. అంతే. అప్పటికే అంగడి గడప దాకా వచ్చేసిన మాస్టరు, క్లారినెట్ నోట్లోంచి తీయకుండా, వరస తప్పకుండా, తన నల్లబూటు తెచ్చి నా చెప్పుకాలి మీద పెట్టి పూర్తి బరువుతో నిలబడ్డాడు. పాట అయ్యేదాకా తీయలేదు. ఆ బూటు కింద నాకు తత్వం బోధపడిందని చెప్పను గానీ, నొప్పికి మాట మాత్రం ఆగింది.

పెళ్ళి ఘనంగా జరిగింది. డప్పులవాళ్ళు కడప వైపు చూడటం మానేశారు. ఆ ఏడు బజారులో ఏ పెళ్ళయినా, ఆయుష్షు పెరిగిన మాస్టరే కావాలని పట్టుబట్టారు. ఏటా ఒక తూరి ఆ నల్ల ఫ్లెక్సీ కట్టిస్తే బాగుంటుందప్పా అని మాస్టరు నన్ను సీరియస్‌గానే అడిగాడు. రాహుకాల విజయం మీద నేను రాద్దామనుకున్న వ్యాసం రాయనే లేదు. ఎటు తిప్పి రాసినా చివర్లో అవ్వే గెలుస్తోంది. తర్వాత ఇన్నేళ్ళలో బాబాల మీద, జాతకాల మీద, వాస్తు మీద ఎన్నో రాశాను, ఎందరితోనో వేదికలెక్కి వాదించాను. ఆ ఒక్క మూఢనమ్మకం జోలికి మాత్రం పోలేదు, కాలు గుర్తొచ్చేది.

ఈమధ్య మా పాత విద్యార్థుల వాట్సాప్ గుంపులో, నా పేరే ఉన్న ఇంకొకాయన పోతే, ఎవరో తొందరపడి నా ఫోటో తగిలించారు. పొద్దున్నుంచీ ఫోన్లు. ఏడుస్తూ ఒకరు, అనుమానంగా ఒకరు. పాయింటాఫార్డర్ అయితే నేను ఎత్తగానే, ఇది సభా నియమాలకు విరుద్ధం అన్నాడు. మధ్యాహ్నం ఒక ముసలి గొంతు పలికింది. మాస్టరు. ఇప్పుడు వాయించడం లేదు, ఊపిరి చాలదట.

"ఉండావా అప్పా?"

"ఉండాను మాస్టరూ."

"ఈ తూరి ఫ్లెక్సీ ఎవురేసినారు?"

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆయన నవ్వు మధ్యలో దగ్గు, దగ్గు మధ్యలో నవ్వు. ఎండలో నిలబెట్టి ఆ మనిషి చేత వాయించిన కుర్రాడు నాకెందుకో ఆ క్షణాన గొడుగుతో సహా కళ్ళముందు మెదిలాడు. పెట్టేసే ముందు, పోనీలే మాస్టరూ, మంచిదే, నాకూ ఆయుష్షు పెరుగుతుంది అనేశాను. అన్న తర్వాత, ఇంట్లో ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాను.