లాకు తాతయ్యగారి డ్యూటీ

ఆ రోజుల్లో ముసలితనంలో మతి తప్పడానికి ఇన్ని పేర్లు లేవు. ఇంట్లో ఉంటే చాదస్తం అనేవారు, వృద్ధాశ్రమంలో ఉంటే అల్లరి అనేవారు. డెబ్బైల్లో నర్సు ట్రైనింగు ముగించుకుని విజయవాడ పటమటలో మిషన్‌వారి వృద్ధాశ్రమంలో చేరిన నేను, ఆ అల్లరి మాన్పించడమే నా పని అనుకున్నాను. (తలమీదికి తెల్లటోపీ కొత్తగా వచ్చినవాళ్లకి ఇలాంటి నమ్మకాలు ఉంటాయి.)

అక్కడ వంటింటికీ భోజనాల గదికీ మధ్య చిన్న నడవా, దానికి అటొక తలుపు, ఇటొక తలుపు. పొద్దున్నే ఇడ్లీల బండి నడవాలోకి రాగానే ఒక తాతయ్యగారు వెనక తలుపు గడియ వేసి, ముందు తలుపుకి అడ్డంగా చేతికర్రతో నిలబడేవారు. అవతల ముసలివాళ్లు కంచాలు మోగించేవారు. ఒకరోజు వంట మామ్మ బండి తోయబోతే ముంజేతిమీద కర్రతో ఒక్కటి వేశారు. సాంబారు ఒలికింది. "నీ చెయ్యి పడిపోనూ! ఇడ్లీలక్కూడా కాపలానా?" అని మామ్మ ఒకటే కేకలు. నేను చదువుకున్న పద్ధతులన్నీ వాడాను. బతిమాలాను, గదమాయించాను, చివరికి కర్ర దాచాను. ఆయన తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు.

మేట్రన్‌గారు విసిగిపోయారు. "ఆశ్రమం కమిటీ పెద్దాయన వచ్చినప్పుడు చెప్పి, ఈయన్ని ఇంటికి పంపించేస్తాను" అన్నారు. అది విని తాతయ్యగారి కూతురు ఇబ్రహీంపట్నం నుంచి పరుగెత్తుకొచ్చింది. "నేనూ మా ఆయనా ఇద్దరం పనికి పోతామండీ. నాన్నని గదిలో పెట్టి తాళమేసుకుపోవడం తప్ప దారి లేదండీ" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మర్నాడు బండితోపాటు నేనే నడవాలో చిక్కాను. తోసే ఓపిక లేక, "ఎందుకాపుతారు తాతగారూ?" అన్నాను. ఆయన నావంక జాలిగా చూశారు. "నీళ్లు సమం కాకుండా గేటు తీస్తే పడవ తిరగబడదంటమ్మా?"

అప్పుడు తట్టింది. ఆయన ఏలూరు కాలవమీద లాకు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. పడవ లోపలికి రాగానే వెనక గేటు మూయాలి, లోపలి నీళ్లు అవతలి నీళ్లతో సమమయ్యాకే ముందు గేటు తీయాలి. మేం తోస్తున్నంతసేపూ ఆయన లెక్కన నీళ్లు కుదురుకోలేదన్నమాట! ఊరికే నిలబడ్డాను. కాసేపటికి ఆయనే తలుపు తీసి, "ఇక పోనీ" అన్నారు. ఆపైన మేం చేసిందల్లా బండిని కాస్త ముందుగా బయల్దేరదీయడమే. "ఇడ్లీ పడవొచ్చిందండోయ్ లాకు దొరగారూ!" అని మామ్మ వెటకారం చేస్తే, ఆయన సెల్యూట్ కొట్టేవారు.

కమిటీ పెద్దాయన రానే వచ్చారు. ఆయనది హనుమాన్ జంక్షన్ వైపు, వ్యవసాయం. వంటిల్లు చూసి నడవాలోకి అడుగుపెట్టారు, వెనకే నేను. మేట్రన్‌గారు అందుకునేలోపు వెనక తలుపు గడియ పడింది.

"ఏం సరుకు?" గద్దించారు తాతయ్యగారు.

పెద్దాయన మొహం ఎర్రబడింది. నేను, "లాకండీ. కాస్త ఆగితే తీస్తారు" అన్నాను. వెనక మేట్రన్‌గారు తలుపు బాదుతున్నారు. పెద్దాయన కర్రవంక చూశారు, నావంక చూశారు, కండువా సర్దుకున్నారు.

"ధాన్యం."

"ఎక్కడికి?"

"బెజవాడ మిల్లుకి."

నీళ్లు సమమయ్యేదాకా ఇద్దరూ నిలబడ్డారు. తలుపు తెరుచుకున్నాక పెద్దాయన నాతో, "లాకుల దగ్గర మా నాన్న ధాన్యం పడవని ఇంతకంటే ఎక్కువసేపే ఆపేవాళ్లమ్మా. ఉండనీండి ఆయన్ని" అన్నారు.

సాయంత్రం ఆ కబురు చెప్పడానికి పరుగెత్తాను. "తాతగారూ, మిమ్మల్ని ఎక్కడికీ పంపరట!"

ఆయన వింతగా చూశారు. "నన్నెట్టా పంపుతారమ్మా? నా బదులు డ్యూటీకి రిలీవర్ రావద్దూ?"

చాలాకాలానికి ఆయన నిద్రలోనే పోయారు. ఆ తర్వాత మాకు పలహారం వేడివేడిగా వచ్చేది, బాగుందని ఒక్కరూ అనలేదు. ఇప్పుడు నాకూ ఆయన వయసు దగ్గరపడింది. ఆయన్ని దారికి తెచ్చానని అందరికీ చెప్పుకు తిరిగిన ఆ నర్సమ్మను తలుచుకుంటే నవ్వొస్తుంది. రేపు నా దగ్గర ఎవరు ఆగుతారోనని కాస్త బెంగగా కూడా ఉంటుంది.