మా బావ నెత్తిన చాక్లెట్ గంప

చాక్లెట్ మన ఒంటి వేడికే కరిగిపోతుందని నాకు యాభై దాటాక తెలిసింది. అంతవరకు అది నోట్లో పెట్టుకోగానే కరగడం నా నాలుక గొప్పతనమే అనుకునేవాణ్ణి. సంగతి చెప్పింది మా అక్క కూతురు. విన్న నేను నిర్ఘాంతపోయి చేతిలో కాఫీని సగంలోనే కింద పెట్టేశాను. ఆ సగాన్ని మా బావ తాగేశాడు. ఆకాశం విరిగి మా వీధిలో పడినా ఆయన ఆకలి మాత్రం చెక్కుచెదరదు.

బావది తిరుపతిలో బొరుగుల ఉండలు, శెనక్కాయల ఉండలు చేసి అమ్మే వృత్తి. ఆయన పాకం తీగ పడితే దాంతో ఏనుగును కట్టేయవచ్చు. ఆయన ఉండ ఒకటి చేయిజారి గోడకు తగిలితే మేస్త్రీని పిలవాల్సి వచ్చింది. ఇంటి ముందుగది నిండా బెల్లం దిమ్మెలు. మనుషులు పక్కకు తిరిగి లోపలికి పోవాలి. నాలాంటి పొట్ట ఉన్నవాడు పెరటిదారిన పోవాలి.

ఆ ముందుగది మీదే మా పిల్ల, అదే అక్క కూతురి కన్ను. ఇంట్లోనే చాక్లెట్లు చేయడం నేర్చుకుంది. వంటింట్లో చేస్తోంది, అదే చిక్కు. చాక్లెట్‌కు పక్కనున్న వాసనలన్నీ పీల్చుకునే గుణం ఉందట. ఒకసారి ఫ్రిజ్‌లో మా అక్క దాచిన ఎండుచేపల డబ్బా పక్కన పెట్టింది. మర్నాడు ఒకటి నోట్లో వేసుకున్నాను. బంగాళాఖాతం మొత్తం గొంతులో దిగింది. ఆ ముక్కను కక్కలేక మింగలేక నేను పడ్డ అవస్థ చూసి, ప్రత్యేకంగా ఒక గది ఉండక తప్పదని అక్క కూడా ఒప్పుకుంది.

బావ ఒప్పుకోలేదు. ఒక్క ముక్క నోట పెట్టకుండానే, ఆ నల్లమన్ను ఎవడు తింటాడని తేల్చేశాడు. చివరికి నేనూ అక్కా చెరో చెవిలో జోరీగలమయ్యాక పిల్లకు ఒక మాట ఇచ్చాడు.

"ఒక్క ఆర్డరు పట్టుకోమ్మా. పదిమంది ముందర తలొంచుకోకుండా ఇచ్చేసి రా. ముందుగది నీది. తలొంచుకోని వస్తివా, ఇదంతా కట్టిపెట్టేసి నాతోబాటు కూసోని పాకం తిప్పల్ల."

ఆ ఆర్డరు మే నెలలో, గంగమ్మ జాతరకు వచ్చింది. గుడికి అవతల వీధిలో ఒక పెద్దింటావిడ, జాతరకు దిగిన చుట్టాలందరికీ పసుపుకుంకుమతో పాటు ఇవ్వడానికి చాక్లెట్లు కావాలంది. మా పిల్ల లోపల మామిడితాండ్ర ముక్క పెట్టి చేసింది. వారం రోజులు ఆ పిల్ల నిద్రపోలేదు. నిద్రపోయినా కళ్లు మూయలేదని అక్క ప్రమాణం చేసి చెప్పింది.

ఇచ్చే రోజున జాతరలో ఒంటినిండా బొగ్గు పూసుకుని, వేపమండలు కట్టుకుని తిరిగే వేషాల వంతు. ఊరికి తెలిసిన సంగతే: వేషం కట్టినవాడు నోటికొచ్చిన తిట్టు తిట్టవచ్చు. తిట్టించుకున్నవాడు కోపగించుకోడు, దణ్ణం పెడతాడు. ఆ జనంలో బండ్లు పోనివ్వరు కాబట్టి సరుకును నడిచి మోసుకుపోవాలి. అక్కడ బల్ల సర్దడానికి పిల్ల ముందే వెళ్లిపోయింది. చాక్లెట్లను థర్మకోల్ పెట్టెలో, చుట్టూ ఐసు సంచులు పెట్టి వాళ్ల నాయనకు అప్పగించింది. వెళుతూ వెళుతూ ఫోనులో నాకూ చెప్పింది: "మామా, నాయన దగ్గరికి పో. మూత తియ్యొద్దని చెప్పినాలే. అయినా ఒకసారి సూసుకో."

నేను పోయేసరికి బావ గడప దాటుతున్నాడు. పైన చొక్కా లేదు, మొలకు పంచె, నెత్తిన వెదురుగంప.

"పెట్టె యాడ బావా?" అన్నాను.

"తీసి పారేసినా. లోపలంతా చెమ్మ. ఏమబ్బా, నలభై ఏండ్లుగా పాకం పట్టేవాణ్ణి, తీపికి చెమ్మ తగిల్తే మెత్తబడి సస్తాదని నాకు తెలీదా? మిద్దెమీద రోంతసేపు ఎండ సూపించి గంపలో పోసినా. గట్టిగా రాళ్లయిపోతాయి సూడు."

నా గుండె జారి ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు. బొరుగుల ఉండకు శాస్త్రమైనది చాక్లెట్‌కు శవయాత్ర అని చెప్పేలోపే ఆయన సగం వీధి దాటేశాడు. తిరుపతి మే నెల ఎండ సంగతి చెప్పాలా? ఆ రోజు నా నీడ కూడా నన్ను వదిలేసి అరుగు కింద కూర్చుంది.

మొదటి బొట్టు మలుపులో బావ ముక్కు మీద పడింది. చెమట అనుకుని తుడుచుకున్నాడు. చెయ్యి నల్లబడింది. రెండోది చెవిలోంచి భుజం మీదికి దిగింది. తర్వాత బొట్లు కావు, ధారలు. నుదురు, గడ్డం, ఛాతీ, బొడ్డు దాకా మనిషి నిగనిగలాడిపోయాడు. అప్పుడు ఆయన నోరు తెరిచాడు. ఎండను, గంపను, నన్ను, నన్ను కన్నవాళ్లను, చాక్లెట్ కనిపెట్టినవాడి ఏడు తరాలను కలిపి తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాస్తే కాగితం కాలిపోతుంది.

అంతే. ఎదురుగా వస్తున్న జనం గబగబా రెండుగా చీలి చేతులు జోడించారు.

"ఏందప్పా, వేపమండలు మర్సిపోయినావే!" అంటూ నిజం వేషగాడు ఒకడు తన మొలలోంచి నాలుగు రెమ్మలు తీసి బావకు కట్టాడు. డప్పులవాళ్లు వెనక చేరారు. బావ వాళ్లనూ తిట్టాడు. డప్పు జోరెక్కింది. ఎంత తిడితే అంత భక్తి. ఒక అవ్వ మనవడిని ఎత్తుకొచ్చి ముందు నిలబెట్టింది. "సామీ, మావోణ్ణి కూడా ఒక తిట్టు తిట్టి పో, బాగుపడతాడు."

ఆ పిల్లవాడు బావ పొట్టమీద వేలు పెట్టాడు. వేలు నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు ఇంతింత చేసుకుని అరిచాడు.

"అవ్వా, ఈ సామి తియ్యగా ఉండాడు!"

వీధి వీధంతా కొయ్యబారిపోయింది. డప్పు మీద పుల్ల గాలిలో ఆగింది. బావ కూడా ఆగి, మీసం మీదికి నాలుక చాపాడు. ఒకసారి. మళ్లీ ఒకసారి. నెత్తిన గంపలోకి చెయ్యి పోనిచ్చి తాండ్రముక్క ఒకటి తీసి నమిలాడు. ఆ తర్వాత ఆయన నోటివెంట తిట్టు రాలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

పెద్దింటి గడప దగ్గర తెల్లగుడ్డ పరిచిన బల్ల పక్కన మా పిల్ల నిలబడి ఉంది. వాళ్ల నాయనను చూసింది, గంపను చూసింది. ఏడవలేదు. వచ్చి గంపను మెల్లగా దించింది. ఇంతలో ఇంటావిడ, గడపకొచ్చిన వేషాన్ని ఊరికే పంపకూడదని కర్పూరం వెలిగించిన పళ్లెంతో వచ్చింది. వెనక చుట్టాలందరూ.

"ఆగమ్మా," అన్నాడు బావ. "నేను వేషం కాదు. ఈ పిల్ల నాయనను. పిల్ల సరిగ్గానే పెట్టింది, మూత తియ్యొద్దనింది. నాకే అంతా తెలుసని నేను తీసినా. తప్పు నాది, దానిది కాదు."

అని అందరి ముందూ తల వంచాడు. వంచిన తలలోంచి ఇంకో ధార కారింది.

ఆవిడ పళ్లెం పక్కవాళ్ల చేతికిచ్చింది. తర్వాత వేలితో గంప అంచు తుడిచి రుచి చూసింది. "మా చుట్టాలు జాతర ముగిసేదాకా ఊరు దాటరులేమ్మా. రేపు తీసకరా," అంది. "ఈయప్ప చేతికి మాత్రం ఇయ్యొద్దు."

రాత్రంతా మేలుకుని పిల్ల మళ్లీ చేసింది. మర్నాడు మోసింది నేనే. పెట్టె మూత మీద బావ తాడు చుట్టి వేసిన ముడులు విప్పలేక చివరికి కత్తిపీట తెప్పించారు.

ముందుగది సంగతి పిల్ల ఎత్తలేదు. తిరిగొచ్చేసరికి బెల్లం దిమ్మెలు వరండాలో ఉన్నాయి. "పదిమంది ముందర తలొంచుకోకూడదని కదా మాట," అన్నాడు బావ, ఎవరినీ చూడకుండా. "ఒంచినోణ్ణి నేను. పిల్ల కాదే."

ఇప్పుడు ఆ గదికి ఏసీ పెట్టారు. ఫ్యానును కూడా సోమరిపోతుల సరుకనే మనిషి, మధ్యాహ్నమంతా అందులో దుప్పటి కప్పుకుని కూర్చుని కాపలా కాస్తున్నాడు. మొన్న కార్వేటినగరం నుంచి వచ్చిన బంధువు ఒకాయన వాకిట్లో చెప్పులు విడుస్తూ తలుపు కాస్త తెరిచిపెట్టాడు. లోపలినుంచి జాతర మొదలైంది.

"రేయ్, మూత ఎయ్యరా!"