పాదాలకు డూప్

నీలమ్మది మోతీనగర్. సినిమాలకు పసిపిల్లలను తెచ్చిపెట్టడం ఆమె పని. తెర మీద ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకుని నర్సు నవ్వుతూ బయటికి తెచ్చే బిడ్డల్లో చాలామంది నీలమ్మ ఆటోలో వచ్చినవాళ్లే.

"హీరోలకు ఎంతమంది పిల్లలో వాళ్లకే ఎరుక లేదు. నాకు ఎరుక" అంటుంది.

చేవెళ్ల అవతలి ఊళ్ల నుంచి తల్లీబిడ్డలు వస్తారు. నీలమ్మ చూసేది మొహమొక్కటే. మిగతాదంతా టర్కీ టవల్. ఆరో వేలున్నా, మడమ వంకరున్నా కెమెరాకు అక్కర్లేదు. "చుట్టెయ్ పిల్లా, ఏం గానొస్తది" అనేది. షూటింగ్ అయ్యాక చుట్టిన బిడ్డ చుట్టినట్టే ఊరికి వెళ్లిపోయేవాడు.

ఆ మంగళవారం జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద ఇంటిని ఆస్పత్రిగా మార్చారు. బిడ్డ, అలా ఊరి నుంచి వచ్చిన రష్మి కొడుకు. నెల దాటింది. సినిమాలో మాత్రం అప్పుడే పుట్టాడు. మొదటి షాట్ అయింది. అసిస్టెంట్ డైరెక్టర్ కౌస్తుభ్ పరుగున వచ్చాడు.

"నీలమ్మగారూ, డైరెక్టర్‌గారికి కొత్త ఆలోచన వచ్చిందండీ. హీరో బాబు పాదాలు కళ్లకద్దుకుంటాడు. టవల్ తీయించండి."

రష్మి బిడ్డను గుండెకు అదుముకుంది. "కాళ్లు వద్దక్కా."

నీలమ్మ ఆమెను పక్క గదిలోకి తీసుకుపోయి టవల్ విప్పింది. కుడిపాదం లోపలికి తిరిగి ఉంది.

"గింతదానికి ఏడుస్తవా?"

"గ్రహణం నాడు కూరగాయలు కోసిన్నని అత్త తిడ్తది. నూనె రాస్తే అదే పోతదట, ఎవ్వరికీ చూపియ్యొద్దట. మా ఊర్ల ఎవ్వరికీ లేదక్కా గిట్ల."

"వచ్చిన ప్రతి పిల్లా గదే అంటది, మా ఊర్ల లేదని. మరి నేను చూసినోళ్లంతా ఏ ఊరోళ్లే?"

గదిలో ఇంకొకావిడ ఉంది. తెర మీది నర్సులు తప్పులు చేయకుండా చూడమని పిలిపించిన అసలు నర్సు, అమ్మాజీ. దగ్గరికి వచ్చి పాదాన్ని మెల్లగా అటూ ఇటూ కదిపి చూసింది.

"నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక లోపంతో పుడతారమ్మా. కూరగాయలు కోసినందుకు కాదు. దీనికి వారం వారం పిండికట్టు మారుస్తూ సరిచేస్తారు. గవర్నమెంట్ ఆస్పత్రిలో చేస్తారు. ఇప్పుడైతే ఎముక లేతగా ఉంటుంది. నూనె రాస్తూ కూర్చోకండి."

"అత్త ఒప్పుకోదు" అంది రష్మి. మళ్లీ టవల్ చుట్టింది.

కౌస్తుభ్ తలుపు తట్టాడు. "అయిందా అండీ? అవతల హీరోగారు రెడీ."

"కాళ్లు ఇంకో పిల్లగానివి తీసుకో నాయనా" అంది నీలమ్మ.

"అంటే పాదాలకు డూపా? నెల పిల్లాడికి డూప్ పెట్టిన మొదటి సినిమా మాదేనండీ!"

నీలమ్మ ఎప్పుడూ ఒక బిడ్డను అదనంగా తెస్తుంది, ఒకడు ఏడిస్తే ఇంకొకడుంటాడని. ఆ రెండోవాడి కాళ్లు హీరో కళ్లకద్దుకున్నాడు. రెండు ముక్కలూ అక్కడే కలిపి మానిటర్ మీద చూశారు. మొదట రష్మి కొడుకు మొహం. వెంటనే రెండు పాదాలు, తిన్నగా, గులాబీ రంగులో.

రష్మి మానిటర్ దగ్గరికి వచ్చింది.

"అన్నా, జర ఇంకోసారి చూపియ్యి."

మానిటర్ దగ్గరున్నతను మళ్లీ చూపించాడు.

"వీనికి గట్లనే గావాలె అక్కా. ఆ దవాఖాన యాడుంది?"

నీలమ్మ తను చుట్టి పంపిన బిడ్డల తల్లులెవరినీ ఇన్నాళ్లూ ఈ మాట అడగనివ్వలేదు.

"రేపు పొద్దుగాల పోదాం. నేనొస్త" అంది.

మర్నాడు ఆస్పత్రి వరండాలో బెంచీల నిండా తల్లులు. ఒళ్లో పిల్లలు, కాళ్లకు తెల్లటి కట్లు. రష్మి బిడ్డకూ కట్టు పడింది. కాసేపు ఏడ్చి, పాలు తాగి నిద్రపోయాడు. అప్పుడు అత్త ఫోన్ చేసింది.

"యాడున్నవే? సినిమా అయిపోలే?"

"దవాఖానల ఉన్న అత్తా. కాలుకు కట్టేసిన్రు. వారం వారం రావాలె."

"నలుగురి ముందర పెడితివా! మన ఇంటోళ్లకే ఉన్నదనుకోరా?"

"మనొక్కలకే కాదత్తా. గీడ బెంచీలు సరిపోతలేవు. మన పక్కూరామె గూడ ఉన్నది."

అవతల కోపం ఆగింది. గొంతు తగ్గింది.

"పక్కూరామెనా? ఎవరి కోడలే?"

పక్కన కూచున్న ఆమె విన్నది. నవ్వుతూ చెయ్యి చాపింది.

"ఇయ్యి, నేనే చెప్త."