చివరి మూడు

మా వెండెల్ ఒక సంఖ్యను పెళ్ళి చేసుకున్నాడు. సరే, పెళ్ళంటే పెళ్ళి కాదు. చర్చిలో ఉంగరాలు మార్చుకోలేదు. కాపురం మాత్రం నలభై ఏళ్ళు చేశాడు. ఆ ఇల్లాలి పేరు ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు.

ఆమె సుగుణం ఇదీ. ఒకటీ, తానూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా తెగదు. చివరి అంకె తీసెయ్యండి, మిగిలిందీ తెగదు. మళ్ళీ తీసెయ్యండి, అదీ తెగదు. ఒక్క ఏడు మిగిలేదాకా ఇదే వరస. ఈ గుణమున్నవాటిలో ఇంతకంటే పెద్దది లేదు. బుడాపెస్ట్‌లో ఈ సంగతి వినని ట్రామ్ కండక్టరు లేడు. ఆ వంకతోనే వెండెల్ మా పళ్ళేల్లోని గసగసాల రొట్టె చివరిముక్క ఎత్తుకుపోయేవాడు. "చివరిది పోతే నష్టం లేదురా" అనేవాడు.

ప్రతి గురువారం ఎనిమిది మందిమి వేడినీటి కొలనులో ఛాతీదాకా మునిగి చదరంగం ఆడేవాళ్ళం. పైన మంచు రాలుతుంటే ఆవిరిలో మా తలలు మబ్బుల మీద పెట్టి మరిచిపోయినట్టు తేలేవి. ఎనిమిది అంకెలు, ఎనిమిది మంది, వెండెల్ ఊరుకుంటాడా? తలో అంకె పంచి తువ్వాళ్ళ మీద కుట్టించాడు. నీళ్ళలో మెట్టు మీద అదే వరసలో కూర్చోవాలి. మొదటి ఏడు ఆకోష్. చివరి మూడు అతని తమ్ముడు గాష్పార్. నేను ఆరోచోట ఒకటిని.

ఒక చలికాలం ఆకోష్ పోయాడు. తరవాతి గురువారం గాష్పార్ కోటు విప్పకుండా గట్టుమీదే నిలబడ్డాడు.

"ముందున్న ఏడు పోయింది, వెండెల్. మిగిలింది పదకొండుతో తెగుతోంది. భాగించి చూశాను. నేనిక రాను."

లెక్క నిజమే. ఒక్క అంకె తప్పు చెప్పినందుకు బావమరిదితో రెండేళ్ళు మాట్లాడని మనిషి వెండెల్. గుర్రాన్ని జరుపుతూ, "వచ్చే వారం నీ తువ్వాలు పట్టుకుపోవడానికైనా రా" అన్నాడు.

వచ్చాడు. తువ్వాలు మీద మూడు లేదు. విరిగిన గొడుగు కర్రలాంటి ఏడు ఉంది.

"ఉతికేచోట మీ అన్నదమ్ముల తువ్వాళ్ళు తారుమారయ్యాయట" అన్నాడు వెండెల్. "మొదట్నుంచీ ఏడు నువ్వే. మీ అన్న చివరి మూడు. చివరిది పోతే మనది తెగదు. వెళ్ళి ముందు కూర్చో."

గాష్పార్ తువ్వాలు తడిమాడు. పాత మూడు తాలూకు సూది రంధ్రాలు ఇంకా ఉన్నాయి. వెండెల్ వేళ్ళలో మూడింటికి ప్లాస్టర్లున్నాయి.

"అయితే ఇన్నేళ్ళూ మా అన్న నా చోట కూర్చున్నాడన్నమాట."

"మొండివాడు. చెబితే వినేవాడా?"

గాష్పార్ కోటు విప్పాడు.

ఇదంతా నిన్న వెండెల్‌కు చదివి వినిపించాను. నా రొట్టె చివరిముక్క నములుతూ విన్నాడు.

"అంతా అబద్ధం. నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ నిన్ను అబద్ధాలకోరని ఊరికే మోకాళ్ళ మీద నిలబెట్టలేదు. ఆకోష్ మొదట్నుంచీ చివరి మూడే."