నాన్నగారి హస్తవాసి

మొన్న మా మనవడి వెంట వెళ్లి, తాడేపల్లిగూడెంలో ధాన్యం లారీని కాటా మీదికి ఎక్కించడం చూశాను. లారీ ఎక్కింది, అంకెలు వెలిగాయి, లారీ దిగిపోయింది, కొలత అయిపోయిందన్నారు. నోరు తెరిచిన మనిషి లేడు! మన చిన్నతనంలో కుంచంతో కొలుస్తూ, మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా ‘లాభం’ అని, ఆ తరువాత రెండు, మూడు అని కళ్లమంతా వినబడేలా పాడినట్టు లెక్కపెట్టేవారు, గుర్తుందాండీ?

భీమడోలు దగ్గర మా ఊళ్లో ఆ పని మా నాన్నగారిది. ఆయన హస్తవాసి మంచిదని పొరుగు కళ్లాలవాళ్లు కూడా పిలిచేవారు. ముప్ఫైల మొదట్లో, నేను పరికిణీ ఎగదోపుకుని గడ్డివాముల మీద నుంచి జారే వయసులో, సముద్రాల అవతలెక్కడో మొదలైన మాంద్యం వల్ల ధాన్యం ధర పాతాళానికి పడిపోయింది. దొరల ప్రభుత్వం శిస్తు మాత్రం తగ్గించలేదు. పెద్ద కమతాలవాళ్లు గడ్డితాళ్లతో పురులు కట్టి, ధాన్యం వాటిలో దాచి ధర కోసం కాచుకు కూర్చున్నారు; శిస్తు గడువు నెత్తి మీదున్న మాలాంటివాళ్లు కళ్లంలోనే తెగనమ్ముకున్నారు. ఇదంతా నాకు పెద్దయ్యాక తెలిసిందిలెండి. అప్పుడు చూసిందల్లా, నాన్నగారు మొదటి కుంచం నింపి, ‘లాభం’ అనడానికి నోరు రాక అలాగే నిలబడిపోవడం. బాబాయి వచ్చి ఆయన చేతిలోంచి కుంచం అందుకున్నాడు.

ఆనాటి నుంచి ఆయన తన చేతులకేసి చూసుకుంటూ కూర్చునేవారు. హస్తవాసి చెడిందని, తాను ముట్టుకున్నదల్లా మట్టయిపోతుందని ఆయన నమ్మకం. విత్తనాల బుట్ట ముట్టుకోరు. చివరికి చంటివాడు, మా తమ్ముడు, చేతులు చాచినా ఎత్తుకోకుండా లేచి వెళ్లిపోయేవారు. నాకు భయం కంటే వింతే ఎక్కువగా ఉండేది. ఓ మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే అరచేతులు మెల్లగా విప్పి చూశాను కూడా, కాయలు తప్ప ఏమీ కనిపించలేదు. అమ్మ లోలోపల కుమిలిపోయింది. గాలి సోకిందని నాయనమ్మ తేల్చేసింది.

దాంతో అందరం పడవెక్కి కొల్లేటికోట అమ్మవారి దగ్గరకు వెళ్లాం. దర్శనమయ్యాక, మా ఇంటికి చేపలు తెచ్చి ధాన్యం పట్టుకెళ్లే ఒకావిడ, మేం పిన్ని అని పిలిచేవాళ్లం, తన అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మా గోడు అమ్మ చెప్పుకునేలోపే ఆవిడ తన గోడు మొదలుపెట్టింది.

“మా గంపలు ఏలూర్నించి అలాగే తిరిగొచ్చేత్తన్నాయండి బాబూ! కొనేవోళ్ల చేతిలో డబ్బుల్లేవంట. మా ఆయనేమో వలకి శని పట్టిందని మూల పడేశాడండి. మీకూ అంతేనాండీ?”

నాన్నగారు తలెత్తారు. “వల ఏం చేసిందమ్మా, పాపం!” అన్నారు.

అని, ఆ మాట ఇంకెవరో అన్నట్టు తనే తెల్లబోయారు. తరువాత పిన్ని మొగుడొచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ధరలూ, ఏలూరు బజారూ, శిస్తూ, ఒకటేమిటి, పొద్దు వాలేదాకా చెప్పుకున్నారు. తిరుగు పడవలో తమ్ముడు గుక్కపట్టి ఏడుస్తుంటే నాన్నగారే చేతులు చాచి తీసుకున్నారు. అమ్మ నీళ్లవైపు తిరిగి ఏడ్చింది.

జబ్బు పూర్తిగా పోయిందనను. కొంత పొలం పోయింది, శిస్తు రోజులొస్తే ఆయన మళ్లీ ముభావంగా అయిపోయేవారు. నాయనమ్మ ఆ ఘనతంతా అమ్మవారికే కట్టబెట్టి చీర పెట్టించింది. పిన్నికి కనీసం ఓ రవికెలగుడ్డైనా పెట్టాల్సిందని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ధర ఎక్కడో పడితే మనిషి తన చేతులనెందుకు అనుమానిస్తాడో ఇన్నేళ్లొచ్చినా నాకు అంతుపట్టలేదు. ఇప్పుడు ధరలు టీవీలో చెబుతున్నారు, దిగులుకు మందులిచ్చే డాక్టర్లున్నారు. అయినా చేపల చెరువులో దెబ్బతిన్న మా ఎదురింటాయన వారంగా తలుపు వేసుకుని కూర్చున్నాడు. వెళ్లి పలకరిద్దామంటే, బాగుండదు మామ్మా, వాళ్ల పరువేం కావాలి అంటాడు మా మనవడు. పరువు సంగతి నాకు తెలియదు గానీ, ఆ తలుపు చూస్తుంటే నాకు అన్నం సయించడం లేదు.