ఆరించీల లెన్సు కోసం ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ ఒక రోజు

చిన్న చిన్న వాటిని దగ్గరి నుంచి వీడియో తీయడం నాకు సరదా. మా డాబా మీది కుండీల్లో తిరిగే చీమలు, కరివేపాకు పురుగులు, మందారంలోని పుప్పొడి, ఇవే నా నటీనటులు. మూడేళ్ల కిందట ఒక పాత వీడియో కెమెరా కొన్నాను. దానికి మూత లేదు. ముందు రింగు మీద ఉండాల్సిన సైజు అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. అయినా నా పనితనం గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ గొప్పలు చెప్పుకునేదాన్ని. ఆ గొప్పలే పోయిన నెలలో ఒక మంగళవారం నన్ను మూడు పేటల మధ్య పరుగులు పెట్టించాయి. తక్కువ ధరలో క్లోజప్ లెన్స్ కొనాలనుకునేవాళ్లు నా తిప్పలు చదివితే కనీసం వాళ్లకైనా ఒక రోజు మిగులుతుంది.

సరూర్‌నగర్ చెరువుకు దగ్గర్లో ఒక గదిలో స్వరూపక్క మగ్గం పని చేస్తుంది. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, కొనకు కొక్కెం ఉన్న సూదితో పూసలూ జరీ కుట్టే పని అది. మా ఇంట్లో పెళ్లి బ్లౌజులన్నీ ఆవిడ చేతివే. కంప్యూటర్ మిషన్ మీద డిజైన్లు కుట్టడం మొదలయ్యాక ఆవిడకు పని సగానికి పడిపోయింది. ఒక శిక్షణ కేంద్రంలో కుట్టు నేర్పే ఉద్యోగం ఉందని తెలిసి దరఖాస్తు పెట్టింది. ఇరవై రెండేళ్లుగా సూది పట్టిన మనిషికి నెల జీతం రావడం అదే మొదటిసారి అవుతుంది. వాళ్లు అడిగింది ఒకటే. గుడ్డ పైన నడిచే సూది, గుడ్డ కింద దారం అందించే ఎడమ చెయ్యి, రెండూ స్పష్టంగా కనిపించేలా మూడు నిమిషాల వీడియో మంగళవారం సాయంత్రం ఐదింటికల్లా పంపాలి. మిషన్ పని తెచ్చి చేతిపని అని నమ్మించేవాళ్లు ఎక్కువయ్యారట. ఒక స్టూడియో అతను తీసిస్తానని ముందుకొస్తే, "ఎందుకక్కా అంత ఖర్చు, నేను లేనా?" అని ఆపింది నేనే.

సోమవారం సాయంత్రం నేను తీసిందంతా మసకగా వచ్చింది. దూరం నుంచి జూమ్ చేస్తే సూది చాలినంత పెద్దగా రాలేదు. జూమ్ అలాగే ఉంచి దగ్గరికి జరిగితే ఫోకస్ నిలవలేదు. జూమ్ తీసేసి గుడ్డకు ఆనేంత దగ్గరికి వెళ్తే కెమెరా నీడే సూదిని మింగేసింది. స్వరూపక్క నన్ను ఒక్క మాట అనలేదు. "రేపటికైతదా చెల్లె?" అని మాత్రం అడిగింది. అవుతుందని చెప్పాను గానీ నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. కోణం బాగా కుదిరింది కదా, కదపడం ఎందుకని కెమెరాను స్టాండుతో సహా మగ్గం పక్కనే వదిలి ఇంటికి వచ్చాను. దానంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

మంగళవారం ఆఫీసుకు సెలవు పెట్టి, క్లోజప్ లెన్స్ కొనడానికి తొమ్మిదీ నలభైకి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాను. దిల్‌సుఖ్‌నగర్‌కు పది నిమిషాలు కూడా పట్టదు, టికెట్ ఇరవై రూపాయల లోపే. తొందరగా వెళ్లి ప్రయోజనం లేదని అక్కడ దిగాక గుర్తొచ్చింది. పదకొండు కొట్టందే ఇక్కడ షట్టర్లు లేవవు. మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక పాత మెట్ల దారి పైన కెమెరాలు రిపేరు చేసే దుకాణం ఉంది. ఆ మెట్ల మీద గంటకు పైగా కూర్చుని ఫోనులో టైము చూసుకుంటూ గడిపాను. పదకొండుంపావుకు దుకాణం పెద్దాయన వచ్చి, తాళం తీస్తూనే అడిగాడు.

"లెన్సు సైజెంత మేడం? ముంగట బిగించే అద్దమది, సైజు తెల్వకుంటె ఎట్ల ఇయ్యాలె?"

వెంటనే స్వరూపక్కకు ఫోన్ చేసి, కెమెరా ముందున్న గుండ్రటి రింగును టేపుతో కొలిచి చెప్పమన్నాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది.

"ఆరించీలున్నది చెల్లె. జరంత ఎక్కువనే ఉంటది గని తక్కువ లేదు."

"ఆరా? సరిగ్గా చూశావా అక్కా?"

"ఇరవై రెండేండ్ల సంది టేపు పట్టిన. నాకు కొలుసుడు రాదా?"

నేను ఆరించీలు అనగానే పెద్దాయన కళ్లద్దాలు పైకి నెట్టి నా వైపు చూశాడు. "ఆరించీలంటే అది లెన్సా, బకెట్ మూతనా? గసొంటిది ఎక్కడ దొరకదు మేడం."

మళ్లీ ఫోన్ చేసి ఎలా కొలిచావని అడిగితే, అప్పుడు బయటపడింది. బ్లౌజు చేతి లూజు ఎలా చూస్తుందో అలాగే టేపును రింగు చుట్టూ తిప్పి కొలిచింది! జీవితమంతా మనుషుల చేతులూ నడుములూ చుట్టుకొలతే తీసిన మనిషి మరి ఇంకెలా కొలుస్తుంది? అడ్డంగా కొలవమని చెప్పాల్సింది నేను. పోనీ ఇప్పుడైనా మళ్లీ కొలవమన్నానా? లేదు. లెక్క వచ్చన్న ధీమాతో ఆరించీలను మిల్లీమీటర్లలోకి మార్చి మూడు పాయింట్ ఒకటి నాలుగుతో భాగించాను. నలభై తొమ్మిదికి కాస్త తక్కువ వచ్చింది. నలభై తొమ్మిది సైజులో నాలుగు అద్దాల సెట్టు ఎనిమిది వందల యాభైకి తీసుకున్నాను.

ఈ సెట్టులో అద్దాలకు ప్లస్ ఒకటి, రెండు, నాలుగు, పది అని నంబర్లు ఉంటాయి. పెద్దాయన కౌంటరు మీద స్కేలు పెట్టి విడమరిచి చెప్పాడు. "మీటరును నంబరుతోని భాగించున్రి. ప్లస్ రెండయితె అర మీటరు దూరం. ప్లస్ పదయితె ఇగో, గింతే, జానెడు గూడ లేదు. మీరు దేన్ని తీస్తరు?" సూదిని తీస్తానన్నాను. నా చూపు అప్పటికే ప్లస్ పది మీద పడింది. పెద్ద నంబరు ఉండగా చిన్నది ఎవరికి కావాలి అనుకున్నాను. ఆయన ఇంకేదో చెప్పబోతుంటే వినకుండా మెట్లు దిగాను.

ఆటోలో సరూర్‌నగర్ చేరేసరికి పన్నెండున్నర. అద్దం కెమెరాకు పెట్టి తిప్పితే పట్టలేదు. ఇటు తిప్పినా, అటు తిప్పినా అంచు మీద జారిపోతోంది తప్ప లోపలికి దిగడం లేదు. టేపు కొలిచింది రింగు బయటి అంచుని. అద్దం బిగించే మరలు లోపలి అంచుకి ఉన్నాయి. మూడు మిల్లీమీటర్ల తేడా. స్వరూపక్క మగ్గం మీద చెయ్యి ఆపి నన్నే చూస్తోంది. బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే పెద్దాయన తిట్టకుండా దారి చెప్పాడు. చిన్న సైజును పెద్ద సైజుకు కలిపే రింగు ఒకటి ఉంటుందట. ఆయన దగ్గర లేదు గానీ ఎల్బీనగర్ చౌరస్తా దాటాక పెళ్లి వీడియోలు తీసే అతని దుకాణంలో దొరుకుతుందన్నాడు. ఈసారి కెమెరాను చున్నీలో చుట్టుకుని బయల్దేరాను.

ఆ దుకాణం షట్టరు సగానికి దించి ఉంది. భోజనానికి వెళ్లాడని పక్క జిరాక్స్ షాపు ఆవిడ చెప్పింది. యాభై నిమిషాలు ఎండలో నిలబడ్డాను. ఆ యాభై నిమిషాల్లో నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. స్టూడియో అతన్ని ఆపకుండా ఉంటే ఈపాటికి వీడియో వెళ్లిపోయి ఉండేది. ఒక మనిషి బతుకుదెరువును నా సరదాకు ముడిపెట్టానన్న భయం అప్పుడు పూర్తిగా పట్టుకుంది. రెండున్నరకు దుకాణదారు వచ్చాడు, మాట తీరు గుంటూరు వైపుది. "కెమెరా ఇంట్లో పెట్టి లెన్స్ కొనడానికెళ్లారా అండీ? చెప్పులు కొనడానికెళ్తూ కాళ్లు ఇంట్లో పెట్టి రాం కదా!" అని నవ్వుతూనే డబ్బాలోంచి ఒక్కో రింగూ తీసి పెట్టి చూశాడు. నాలుగోది మెత్తగా తిరిగి బిగుసుకుంది. నూట యాభై రూపాయలు. ఆ తిరిగే చప్పుడు వినగానే ఏడుపొచ్చినంత పనైంది.

వచ్చేటప్పుడు ఆటో డ్రైవరుకు నాలుగింటిలోపు చేర్చమని బతిమాలాను. "కొత్తపేట మెయిన్ రోడ్డు మీద పోతే ఇరుక్కుంటం మేడం, రైతుబజార్ కాడ లారీలు ఆగి ఉంటయి. లోపలి గల్లీలకెళ్లి తీస్కపోతా, జర గట్టిగ పట్టుకోండ్రి" అన్నాడు. అన్నట్టే మూడూ ఇరవైకి దింపాడు, నూట ఇరవై తీసుకున్నాడు.

ప్లస్ పది బిగించాను. సూది మొన తెర నిండా వచ్చింది. అబ్బ, ఏం కనిపించింది! కానీ దానికోసం కెమెరాను సూదికి నాలుగు వేళ్ల దూరంలోకి తేవాల్సి వచ్చింది. స్వరూపక్క కుట్టు మొదలుపెట్టి ఆపింది. మళ్లీ మొదలుపెట్టింది. సూది పైకి లేచిన ప్రతిసారీ చెయ్యి వెనక్కి తగ్గుతోంది. వరస వంకర పోయింది. కొక్కేనికి దారం తట్టుకుని తెగింది. "ఇంకొక్కసారి అక్కా, ఇంకొక్కసారి" అంటూ నేను ఆరుసార్లు మొదలుపెట్టించాను. మూడూ యాభై అయింది. ఆరోసారి దారం తెగినప్పుడు ఆవిడ సూదిని గుడ్డకు గుచ్చేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"సాలు చెల్లె. గా అద్దం నా సూది మీదికే ఒస్తున్నది. సూది తాకితె నీ లెన్సు పోతది, దారం తెగితె నా కొలువు పోతది. పొద్దుగాల్ల నుంచి దుకాణపోల్లను అడిగినవ్, ఆటో ఆయన్ను అడిగినవ్. నీ కెమెరా ఎంత దూరం ఉంటె నా చెయ్యి ఆడుతదని నన్ను ఒక్కసారన్న అడిగినవా?"

నేను సిగ్గుతో చితికిపోయాను. నిజంగానే అడగలేదు. నిన్నటి నుంచి నాకు సూది కనిపించింది, దారం కనిపించింది, టైము కనిపించింది. ఆవిడ కనిపించలేదు.

"ఎంత దూరం ఉండాలక్కా?"

"మూరెడు. నేర్సుకునే పిల్లలను గూడ గంత దూరంలనే కూసోవెడ్త. గంతకన్న దగ్గరికొస్తె నా పని నడ్వది."

మగ్గం అంచు మీద మోచెయ్యి ఆనించి వేళ్లు చాచాను. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా దాదాపు అర మీటరు. పెద్దాయన స్కేలు పెట్టి చూపించిన ప్లస్ రెండు దూరం అదే. ప్లస్ పది తీసేసి ప్లస్ రెండు బిగించాను, కెమెరాను మూరెడు దూరానికి వెనక్కి జరిపి జూమ్ చివరిదాకా లాగాను. సూది ఇందాకటంత పెద్దగా రాలేదు. కానీ ఆవిడ వేళ్లు కనిపించాయి, వాటి ఊపు కనిపించింది, నీడ పడలేదు. స్వరూపక్క ఒకసారి కెమెరా వైపు చూసి, తర్వాత దాన్ని మరిచిపోయి కుట్టడం మొదలుపెట్టింది. ఒకటిన్నర నిమిషం ఎక్కడా ఆగలేదు. ఆ తర్వాత కెమెరాను నేల మీద దిండుకు ఆనించి, తెల్ల అట్ట మీద పడేలా టార్చి పెట్టి, గుడ్డ కింద ఎడమ చెయ్యి తీశాను. అదీ ఒక్కసారికే వచ్చింది. నాలుగూ ఇరవై రెండు.

లాప్‌టాప్‌లో రెండు ముక్కలూ కలిపి పంపబోతుంటే ఆవిడ ఒకసారి చూపించమంది. టైము నాలుగూ ముప్పై ఎనిమిది. వద్దని నోటిదాకా వచ్చింది గానీ ఆగాను. గుడ్డ కింద చెయ్యి వచ్చినప్పుడు ఆవిడ తెరకు దగ్గరగా వంగింది. దారం చూపుడువేలి మీదుగా జారి, కొక్కేనికి తనంతట తానే అందుతోంది.

"గిది నా చెయ్యేనా? గింత మంచిగ చేస్తదా?" అని అడిగింది. "గుడ్డ కింద ఉంటది కద చెల్లె. ఎన్నడు జూడలే."

నాలుగూ యాభై మూడుకు వీడియో వెళ్లింది. చేరినట్టు మెసేజ్ వచ్చేదాకా ఇద్దరం ఫోన్ వైపే చూశాం. పన్నెండో రోజున కబురొచ్చింది, ఉద్యోగం ఆవిడకే ఇచ్చారు.

దగ్గరగా తీయడమంటే దగ్గరగా వెళ్లడం అనుకుని ఇన్నాళ్లు నంబర్ల వెంట పడ్డాను. ఆ రోజు మూరెడు దూరానికి వెనక్కి జరిగాకే నాకు కావాల్సింది దొరికింది. నా మొండితనం ఇంకో గంట సాగి ఉంటే ఒక మనిషి ఉద్యోగం పోయేది, నేను మాత్రం లెన్స్ బాలేదని చెప్పుకుని తిరిగేదాన్ని.

మీరు కొనబోతుంటే, కెమెరా వెంట తీసుకెళ్లడం ఎలాగూ తప్పదు. దానికన్నా ముందు ఇంకో పని చేయండి. మీరు తీయాలనుకున్న మనిషిని పని మొదలుపెట్టమని, కెమెరాతో మెల్లగా ముందుకు జరగండి. ఆ చెయ్యి తడబడగానే ఆగండి. అది మళ్లీ సాఫీగా నడిచేదాకా వెనక్కి వచ్చి, అక్కడి నుంచి దూరం కొలవండి. అర మీటరు ఉంటే ప్లస్ రెండు, పావు మీటరు ఉంటే ప్లస్ నాలుగు. అంతకు మించిన నంబరు ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకోకండి.