మూరెడు పైకొచ్చిన నీళ్లు

నిన్న మా పెనుకొండ ఇంటి పెరటి బావికి ఇనుప మూత వేయించాను. బిగిస్తున్న మనిషి, "నీళ్లే లేని బాయికి మూతేంది సార్?" అన్నాడు. ఎవరూ పడకుండా అన్నాను. కానీ ఆ మాటతో పాత ముడుల తాడు గుర్తొచ్చింది. మూరకొక ముడి వేసిన ఆ తాడును ప్రతి ఆదివారం బావిలోకి దించి, నీళ్లు ఎన్నో ముడి దగ్గర తగిలాయో డైరీలో రాసుకునేవాణ్ణి. అది చూసి నవ్వని బంధువు ధర్మవరంలోని మా బామ్మర్ది ఒక్కడే. మగ్గాల ఇంట్లో పుట్టి లెక్కల టీచరైన అతను, కొన్నేళ్ల క్రితం మాల్దీవుల్లో ఒక చిన్న దీవి బడికి వెళ్లాడు. ఆ దీవి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచే సేపట్లో హిందూపురం బజారు సగం కూడా దాటలేమట. అద్దెకున్న ఇంటావిడ ఒంటరి ముసలామె. ఇతను ఆమెను అవ్వా అనే పిలిచేవాడు. పెరట్లో ఆమెకొక బావి ఉంది. లోతేమీ ఉండదు, పొడవాటి కర్రకు డబ్బా కట్టి తోడుకుంటారు. నా అలవాటు అంటుకుని అతనూ ఆదివారాలు ఆ బావిని కొలిచి ఫోనులో చెప్పేవాడు.

ఒక ఆదివారం, "బావా, ఈడ బాయిలో నీళ్లు మూరెడు పైకొచ్చినాయి" అన్నాడు. వాన పడిందా అని కూడా అడక్కుండా ఎర్ర సిరాతో రాసుకున్నాను. మా వైపు మనిషికి అంతకు మించిన శుభవార్త ఏముంటుంది? అతనైతే ఇంటి నుంచి తీసుకెళ్లిన బెల్లం ముక్కతో అవ్వ నోరు తీపి చేయబోయాడట. ఆమె తినలేదు. డబ్బాతో నీళ్లు తోడి అతని చేతికిచ్చింది. తాగితే ఉప్పన. పెరుగుతున్న సముద్రం ఒడ్డునే కాదు, నేల కింద నుంచీ వస్తోందనీ, మంచినీళ్లను పైకి నెట్టి తానూ వాటిలో కలుస్తోందనీ అతనికి అప్పుడు తెలిసింది.

అక్కడి రాజధానిలో ఉన్న అవ్వ కూతురు తన దగ్గరికి వచ్చేయమని చాన్నాళ్లుగా పోరుతోందట. బావి తాగడానికి పనికొచ్చినన్నాళ్లూ కదలనని ఈమె పంతం. అందుకే బామ్మర్దిని ఒక సంగతి అడిగింది. అది అతను ఫోనులో నాకు చెప్పాడు.

"మీ ఊర్లో నీళ్లు అడుక్కు పోయినాయంటివే, ఎట్ల దింపినారప్పా అనె. నేనేం చెప్పల్ల బావా?"

"ఏం చెప్పినావు?"

"ఉండేదే చెప్తి. బోర్లేసి మోటర్లతో తోడేసినామంటి."

మరుసటి రోజే ఆమె మోటారు కోసం మనిషిని పిలిపించింది. తోడేకొద్దీ ఉప్పు ఇంకా తొందరగా పైకొస్తుందని చెప్పి ఆ వచ్చిన మనిషి వెనక్కి వెళ్లిపోయాడు. మా కరువు ఆమెకు మందుగా కనిపించడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

వాన పడ్డప్పుడల్లా నీళ్లు కాస్త తీపెక్కేవి. ఆమె పిలిచి మరీ రుచి చూపించేదట. తరవాత అదీ పోయింది. కూతురి దగ్గరికి పడవెక్కే రోజు ఆమె ఏడవలేదని, సామాను మాత్రం రెండుసార్లు సర్దిందని బామ్మర్ది చెప్పాడు. తను పోయాక ఎప్పుడో, మనవళ్ల నాటికి ఇల్లు వదలాల్సి వస్తుందని ఆమె అనుకుందట. ఆమెకు దొరికింది రెండు వానాకాలాలు.